సిరొంచ: పడవల కోసం పుట్టిన జిల్లా కేంద్రం

మంచిర్యాల నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: "సిరొంచలో బ్రిటిష్ కాలం నాటి కట్టడాలు ఉన్నాయంటారు. ఏవేవి చూడాలి? అంత మారుమూల అడవి ఊళ్లో ఇంగ్లీషు వాళ్లు అసలెందుకు కట్టారు? ఒక్క రోజులో చూసి రావచ్చా?"

నేను పుట్టి పెరిగింది సిరొంచలోనే. ఉద్యోగం చేసింది సర్కారీ బాంధకామ శాఖలో, అంటే ప్రభుత్వ కట్టడాలు చూసే శాఖలో. పాత బంగళాలు, కచేరీలు, రెస్ట్ హౌస్‌ల మరమ్మతులే నా పని. కాబట్టి తెలిసినంత వివరంగా చెబుతాను. ముందు రెండో ప్రశ్నకు జవాబు చెప్పాలి. అది తెలియకుండా వస్తే మీకు నాలుగు పెంకుల బంగళాలు కనిపిస్తాయి, "ఇంతేనా" అనుకుని సాయంత్రానికి చెన్నూరు దాటేస్తారు. సిరొంచలో చూడాల్సింది ఒక్కొక్క భవనం కాదు తమ్ముడూ. ఒక పెద్ద నదీ పథకం, దాని కోసం పుట్టిన ఊరు, ఆ పథకం ఆగిపోయాక మిగిలినవి. ఈ మూడింటినీ కలిపి చూడాలి.

మొదట నదుల సంగతి. వార్ధా, వైన్‌గంగ తుమ్మిడిహెట్టి దగ్గర కలిసి ప్రాణహిత అవుతాయి. అక్కణ్ణుంచి సుమారు 113 కిలోమీటర్లు ప్రవహించి, సిరొంచ దాటగానే కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. పొడవులో చిన్నదే గానీ గోదావరి పరీవాహక ప్రాంతంలో దాదాపు మూడో వంతు దీనిదే. ఎండాకాలంలో సంగమం దగ్గర నిలబడితే ఏ నది ఏ నదిలో కలుస్తోందో చెప్పడం కష్టం, ప్రాణహిత పాయ అంత నిండుగా ఉంటుంది. ఇంకాస్త దిగువకు పోతే మా తాలూకాలోనే సోమనూరు దగ్గర ఇంద్రావతి వచ్చి కలుస్తుంది. అంటే విదర్భ పత్తి నేలల నుంచి, బస్తర్ అడవుల నుంచి, తెలంగాణ నుంచి వచ్చే నీటి దారులన్నీ మా చుట్టుపక్కలే ముడిపడతాయి. రోడ్లు, రైళ్లు లేని కాలంలో ఇలాంటి చోటును మారుమూల అనేవాళ్లు కాదు.

ఇంగ్లీషు వాళ్ల కన్ను ఇక్కడ పడింది పత్తి వల్ల. వార్ధా పక్కన హింగణ్‌ఘాట్ పత్తికి అప్పటికే మంచి పేరుంది. దాన్ని బండ్ల మీద బొంబాయి చేర్చాలంటే నెలలు పట్టేది, దారిలో సగం దుమ్ము కొట్టుకుపోయేది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన ఆర్థర్ కాటన్‌కు నదులంటే కాలువలతో పాటు పడవ దారులు కూడా. గోదావరి, ప్రాణహిత, వార్ధాల మీదుగా పత్తిని నేరుగా తూర్పు తీరానికి, కాకినాడ వైపు దింపవచ్చన్నది ఆయన గట్టి నమ్మకం. మధ్యలో అడ్డు మూడు చోట్ల ఉంది. ఈ మూడు చోట్లా నది అడుగున రాతి గుట్టలు లేచి, నీళ్లు సుళ్లు తిరుగుతూ పారతాయి. మొదటిది భద్రాచలం ఎగువన దుమ్ముగూడెం. రెండోది ఇంద్రావతి కలిసిన తర్వాత వచ్చే ఇచ్చంపల్లి. మూడోది సిరొంచకు ఎగువన, ప్రాణహిత మీద అహేరి వైపున్న దేవలమర్రి. ఆ రాళ్లను దాటించడానికి పక్కనుంచి కాలువలు తవ్వి, లాకులు (పడవలను ఎత్తుపల్లాలు దాటించే నీటి తలుపులు) కట్టి, అడ్డంగా ఆనకట్టలు వేయాలని పథకం. సర్వే, నిర్మాణ పనులు చూసిన ఇంజనీరు కెప్టెన్ హెయిగ్.

ఈ మూడు అడ్డంకుల పేర్లు గుర్తుపెట్టుకోండి. సిరొంచ సరిగ్గా రెండో దానికీ మూడో దానికీ నడుమ ఉంది. ఊరు ఇక్కడే ఎందుకన్న ప్రశ్నకు జవాబు అదే.

కానీ ఎడమ ఒడ్డు అప్పటికి నిజాందే. పడవలు నడపాలంటే ఒడ్డు చేతిలో ఉండాలి, దారి పొడుగునా సుంకం నాకాలు ఉండకూడదు. 1857 తిరుగుబాటులో నిజాం ఇంగ్లీషు వాళ్ల పక్షాన నిలబడ్డాడు. ఆ లెక్కలు తేల్చుకోవడానికి 1860 డిసెంబరులో కొత్త ఒప్పందం జరిగింది. అంతకుముందు 1853లో తీసుకున్న రాయచూరు దోఆబ్‌ను, ధారాశివ్ ప్రాంతాన్ని నిజాంకు తిరిగి ఇచ్చారు, షోరాపూర్ ఇచ్చారు, 50 లక్షల అప్పు కొట్టేశారు. బదులుగా గోదావరి, వైన్‌గంగల ఎడమ ఒడ్డు తాలూకాలు తీసుకున్నారు, గోదావరి మీద సరుకు రవాణాకు ఏ సుంకమూ ఉండకూడదని రాయించుకున్నారు. అంటే ఒక అప్పు లెక్కలో, పత్తి కోసం, నది ఒడ్డు చేతులు మారింది. ఇక్కడి కోయలను, మాడియా గోండులను, తెలుగు రైతులను ఎవరూ అడగలేదు.

అప్పుడు ఏర్పడిందే అప్పర్ గోదావరి జిల్లా. సిరొంచ, నూగూరు, ఆల్బాక, చర్ల, భద్రాచలం, రేకపల్లి అని ఆరు తాలూకాలు, జిల్లా కేంద్రం సిరొంచ. ఒకసారి మ్యాప్ తీసి చూడండి. సిరొంచ నుంచి శబరి నది దాకా నది పక్కన నాడాలా సాగిన జిల్లా అది. పరిపాలనకు ఎవరూ అలాంటి ఆకారం గీయరు, నది కోసమైతేనే గీస్తారు. 1861లో సెంట్రల్ ప్రావిన్సెస్ ఏర్పడ్డాక ఈ జిల్లా దానిలో చేరింది. అదే ఏడాది అమెరికాలో అంతర్యుద్ధం మొదలై, ఇంగ్లండు మిల్లులకు అమెరికా పత్తి ఆగిపోయింది. 1862లో చీఫ్ కమిషనర్‌గా వచ్చిన రిచర్డ్ టెంపుల్ గోదావరి పడవ దారిని స్వయంగా పరిశీలించి నివేదిక రాశాడు. సిరొంచకు అంతటి గిరాకీ ఉన్న రోజులు మళ్లీ రాలేదు.

ఈ జిల్లా పేరు చెప్పగానే వచ్చే మరో పేరు గ్లాస్‌ఫర్డ్. తొలినాళ్ల డిప్యూటీ కమిషనర్ ఆయన. 1862లో బస్తర్ మీద ఆయన రాసిన నివేదికను ఇప్పటికీ ఆ ప్రాంతం మీద పరిశోధన చేసేవాళ్లు తిరగేస్తారు. సిరొంచ పక్కన గ్లాస్‌ఫర్డ్‌పేట అనే ఊరు ఇంకా ఆ పేరుతోనే ఉంది. మా వాళ్లు ఆయన్ని గొప్పగా చెప్పుకుంటారు గానీ, ఆయన కాలం నాటి రెండో వైపు కూడా తెలుసుకుని రావాలి. 1859లో దక్షిణ బస్తర్‌లో హైదరాబాదు కాంట్రాక్టర్లు సాల చెట్లు నరుకుతుంటే కోయలు, దొర్లలు తిరగబడ్డారు. "ఒక చెట్టుకు ఒక తల" అన్నది వాళ్ల హెచ్చరిక. చివరికి ఆ కాంట్రాక్టు పద్ధతి ఆపాల్సి వచ్చింది.

దానికి ఏడాది ముందే ప్రాణహిత ఒడ్డున ఇంకో తిరుగుబాటు జరిగింది. అహేరి జమీందారీ కింద మోలంపల్లికి చెందిన బాబూరావు సెడ్మాకే, అడపల్లి జమీందారు వెంకటరావు కలిసి ఇంగ్లీషు వాళ్ల మీద లేచారు. 1858 ఏప్రిల్ 29న ప్రాణహిత ఒడ్డున చించ్‌గుండి దగ్గర టెలిగ్రాఫ్ శిబిరం మీద పడ్డారు. గార్ట్‌లాండ్, హాల్ అనే ఉద్యోగులు చనిపోయారు, పీటర్ అనే అతను తప్పించుకున్నాడు. చాందా (ఇప్పటి చంద్రపూర్) డిప్యూటీ కమిషనర్ క్రిక్టన్ ఒత్తిడితో అహేరి జమీందారిణి లక్ష్మీబాయి బాబూరావును పట్టించింది. ఆయన్ని 1858 అక్టోబరు 21న చాందాలో ఉరి తీశారు. అప్పటికి ఆయన వయసు 25 ఏళ్లు. నన్నడిగితే సిరొంచ చరిత్రను బంగళాతో మొదలుపెట్టకూడదు, ఈ ఘటనతో మొదలుపెట్టాలి. టెలిగ్రాఫ్ తీగ ముందు వచ్చింది, తర్వాత ఒప్పందం, ఆ తర్వాతే బంగళాలు. ఆ తీగ దేనికి వస్తోందో ఇంగ్లీషు వాళ్లకు తెలిసినంత బాగానే బాబూరావుకూ తెలుసు.

ఇక పతనం. ఆ కథ చాలా చిన్నది. 1865లో అమెరికా యుద్ధం ముగిసింది. 1867లో బొంబాయి నుంచి రైలు నాగపూర్ చేరింది. హింగణ్‌ఘాట్ పత్తికి దగ్గర దారి దొరికింది, వానాకాలం నీళ్లుంటే తప్ప కదలని పడవతో ఎవరికి పని? 1871లో ఎగువ గోదావరి నౌకాయాన పనులు ఆపేశారు. 1874లో జిల్లానే రద్దు చేశారు. భద్రాచలం, రేకపల్లి మద్రాసు గోదావరి జిల్లాకు పోయాయి, మిగిలిన నాలుగు తాలూకాలు చాందాలో కలిశాయి. 20వ శతాబ్దం తొలి దశకంలో నూగూరు, ఆల్బాక, చర్ల కూడా మద్రాసుకు పోయి, సిరొంచ ఒక్కటే ఇటువైపు మిగిలింది. అందుకే ఇవాళ నూగూరు వెంకటాపురం, చర్ల తెలంగాణలో ఉన్నాయి, మేం మహారాష్ట్రలో ఉన్నాం. 1982లో గడ్చిరోలి జిల్లా ఏర్పడ్డాక మా జిల్లా కేంద్రం మారింది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, అడవిలో గోండీ మాత్రం అలాగే ఉన్నాయి.

ఈ గీతలు మార్చడం ఊరికే పోలేదు. రేకపల్లి మద్రాసు చేతికి వెళ్లాక పోడు పన్ను పెరిగింది. 1879 రంప తిరుగుబాటు రేకపల్లి దాకా పాకడానికి అది ఒక ముఖ్య కారణం. అల్లూరి కన్నా ముందటి ఆ రంప పోరాటానికి సిరొంచ జిల్లా రద్దుతో సంబంధం ఉందని మన పిల్లల పాఠాల్లో ఎక్కడా కనబడదు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. సిరొంచలో ఏం చూడాలి?

ప్రాణహిత ఒడ్డుకు వెళ్లండి. నది వైపు ఎత్తు మీద బ్రిటిష్ కాలం నాటి రెస్ట్ హౌస్ ఉంది. ఊళ్లో ఎవర్ని అడిగినా చూపిస్తారు. లోపలికి వెళ్లకముందు కాసేపు బయటే నిలబడి, ఆ ఎత్తును, బజారు ఉన్న ఎత్తును పోల్చి చూడండి. 1986 ఆగస్టులో, 2022 జులైలో గోదావరికి వచ్చిన వరదల గురించి ఊళ్లో పెద్దవాళ్లను అడగండి. నీళ్లు ఏ వీధి దాకా వచ్చాయో చెబుతారు. ఆ పాత కట్టడాలకు చోటు ఎంచుకున్న తీరు అప్పుడు అర్థమవుతుంది. నది కనబడాలి, గాలి తగలాలి, వరద అందకూడదు. ఆ కాలం బంగళాలన్నిటిలో లెక్క ఇదే. ఎత్తైన పీఠం, మందం గోడలు, చుట్టూ లోతైన వరండా, పైకప్పు దగ్గర వేడిగాలి పోయే కిటికీలు, దూలాలకు మన అడవి టేకు. మే నెలలో బయట కాలు పెట్టలేని ఎండ ఉన్నప్పుడు అలాంటి గదిలోకి అడుగుపెడితే తేడా ఒంటికే తెలుస్తుంది.

నా పని గోడలతోనే కాబట్టి ఒక్క విషయం కాస్త ఎక్కువ చెబుతాను. ఏ పాత కట్టడం దగ్గరికి వెళ్లినా ముందు పెచ్చు ఊడిన చోటు వెతకండి. అసలు పని అయితే లోపల సున్నం కనబడుతుంది. తెల్లగా, కొంచెం గులాబీ రంగు కలిసి ఉంటుంది. ఆ గులాబీ రంగు సుర్కీది, అంటే దంచిన ఇటుక పొడి. మధ్యమధ్య నూరుడుపడని సున్నం గింజలు తెల్లటి చుక్కల్లా ఉంటాయి. గోటితో గీరితే పొడి రాలుతుంది. అలా రాలుతోందని దాన్ని బలహీనం అనుకోవద్దు. ఎద్దులతో గానుగ తిప్పించి రోజుల తరబడి నూరిన సున్నం అది, వందేళ్లు దాటినా గోడను పట్టుకునే ఉంటుంది. పక్కనే బూడిద రంగులో, గీరితే గోరు జారే పూత కనబడితే అది తర్వాత వేసిన సిమెంటు.

ఈ సిమెంటే పాత గోడలకు చేటు. నది ఒడ్డు నేలలో తడి ఎప్పుడూ ఉంటుంది. ఆ తడి గోడలోకి ఎక్కుతుంది. సున్నం పూత ఉంటే ఎక్కిన తడి బయటికి ఆరిపోతుంది. సిమెంటు పూత వేస్తే బయటికి దారి ఉండదు, ఇంకా పైకి ఎగబాకుతుంది. నీళ్లతో వచ్చిన ఉప్పు ఇటుకలోనే గడ్డకట్టి, ఇటుకను పొరలు పొరలుగా విప్పేస్తుంది. మీరు గోడకు మోకాలి ఎత్తున, నడుము ఎత్తున తెల్లటి బూజులాంటి పొర, ఉబ్బిన పూత చూస్తే అదే సంగతి. మా వైపు ఒక పాత సర్కారీ భవనానికి అందంగా ఉంటుందని చుట్టూ సిమెంటు పూసి, ఆయిల్ పెయింట్ వేయించారు. కొన్ని వానాకాలాలకే కింది వరస ఇటుకలు పిండిలా రాలడం మొదలైంది. పూత అంతా దులిపి, గోడను ఆరనిచ్చి, మళ్లీ సున్నమే పూయడం తప్ప దారి లేదు. కానీ టెండరు కాగితంలో సున్నం అన్న మాటే ఉండదు, గానుగ సున్నం పని తెలిసిన మేస్త్రీలు కూడా దొరకడం లేదు. సిరొంచ పాత కట్టడాలకు నాకున్న అతి పెద్ద భయం వరద కాదు, ఈ మరమ్మతులే.

ఊళ్లో ఇంకా చూడాల్సినవి: నది వైపు పాత కోట ఆనవాళ్లు, వలీ హైదర్ షా దర్గా. ఇవి ఇంగ్లీషు వాళ్లకన్నా ముందు కాలానివి, ఊరు 1860లో శూన్యంలోంచి పుట్టలేదని చెప్పేవి. దర్గాకు మూడు రాష్ట్రాల నుంచీ జనం వస్తారు. అమెరికన్ మెథడిస్ట్ మిషన్ వాళ్లు తర్వాతి కాలంలో ఇక్కడ స్థిరపడి తెలుగులోనే పని చేశారు. అడవి శాఖ కలప డిపో కూడా చూడండి. పత్తి పడవలు ఆగిపోయాక సిరొంచను నిలబెట్టింది టేకే. ఆలాపల్లి, సిరొంచ అడవుల టేకును తెప్పలు కట్టి నదిలో దింపేవాళ్లు. డిపోలో దుంగల చివర్ల మీద కొట్టిన సుత్తి ముద్రలు చూడండి, ఏ దుంగ ఎక్కడిదో ఆ గుర్తుల్ని బట్టి చెబుతారు.

ఇదంతా ఒక పూటలో అయిపోతుంది. కానీ ఇక్కడితో ఆపితే సగమే చూసినట్టు. అసలు కట్టడం సిరొంచలో లేదు, దుమ్ముగూడెంలో ఉంది. మూడు అడ్డంకుల్లో లాకులు, కాలువ, ఆనకట్ట పూర్తిస్థాయిలో రూపుదిద్దుకున్నది అక్కడే. ఇచ్చంపల్లిలో పని మొదలై మధ్యలో ఆగింది, దేవలమర్రిలో నది అడుగు రాళ్లు రాళ్లుగానే మిగిలాయి. దుమ్ముగూడెంలో రాతి పని చూస్తే సిరొంచలో ఎలాంటి రేవును ఊహించుకున్నారో కళ్లకు కడుతుంది. ఒకప్పుడు రెండూ ఒకే జిల్లా, ఒకే పథకం. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లో పడి ఏ పర్యాటక కరపత్రంలోనూ కలిపి రాయరు. నాకు చేతనైతే ఈ రెంటినీ ఒకే బోర్డు మీద రాయిస్తాను.

నది ఇప్పుడున్న తీరు గురించి కూడా ఒక మాట. సంగమానికి దిగువన మేడిగడ్డ బ్యారేజీ 2019 జూన్‌లో ప్రారంభమైంది. దాని వెనక నీళ్లలో మా తాలూకా రైతుల పొలాలు మునిగాయి, పరిహారం కోసం వాళ్లు ఏళ్ల తరబడి తిరిగారు. 2023 అక్టోబరులో బ్యారేజీ పియర్లు (స్తంభాలు) కుంగాయి. మీరు వచ్చినప్పుడు నీటి మట్టం ఎలా ఉంటుందో గేట్లను బట్టి ఉంటుంది, పాత ఫొటోల్లో చూసిన ఇసుక తిన్నెలు కనబడకపోతే నిరాశపడకండి.

పిల్లలతో వస్తే వడధం శిలాజ పార్కు చేర్చుకోండి. రాయిగా మారిన చెట్ల మొద్దులు అక్కడ నేల మీదే ఉన్నాయి. దగ్గర్లోని కోట గ్రామం పేరు భూగర్భ శాస్త్రంలో ఒక రాతి పొరకే పెట్టారు. అక్కడి సున్నపురాతిలో దొరికిన చేపల శిలాజాల గురించి 1850ల మొదట్లోనే లండన్ పత్రికల్లో వ్యాసాలు వచ్చాయి. అంటే అప్పర్ గోదావరి జిల్లా పుట్టకముందే మా తాలూకా పేరు అక్కడ అచ్చయింది.

చివరగా ప్రయాణం సంగతి. మంచిర్యాల నుంచి చెన్నూరు, అర్జునగుట్ట మీదుగా ప్రాణహిత వంతెన దాటితే సిరొంచ. 63వ నంబరు జాతీయ రహదారి అది. పొద్దున్నే బయల్దేరితే ఊరు, ఒడ్డు, డిపో మధ్యాహ్నానికి అయిపోతాయి. భోజనం తర్వాత సోమనూరు సంగమం లేదా వడధం, రెండింటిలో ఒకటే పెట్టుకోండి. వెనక్కి కాళేశ్వరం వంతెన మీదుగా వెళ్తే దర్శనం కూడా అవుతుంది. దుమ్ముగూడెం దీంతో కలపవద్దు, భద్రాచలం వెళ్లినప్పుడు దానికి వేరే పూట ఇవ్వండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. నది అడుగు రాళ్లు చూడాలనుకుంటే మాత్రం ఏప్రిల్, మేలోనే, ఎండకు సిద్ధపడి రావాలి. రెస్ట్ హౌస్ సర్కారుది, లోపల చూడాలన్నా బస చేయాలన్నా ముందుగా సంబంధిత కార్యాలయంలో అనుమతి అడగండి. డిపోలో, వంతెనల దగ్గర ఫొటోలు తీసే ముందు అక్కడి సిబ్బందికి చెప్పండి. అడవి రోడ్ల మీద చీకటి పడ్డాక ప్రయాణం పెట్టుకోకండి. ఇంట్లో పాత కాగితాలు, ఫొటోలు ఉన్నవాళ్లు మా ఊళ్లో ఇంకా ఉన్నారు. తెలుగులో పలకరిస్తే కూర్చోబెట్టి చూపిస్తారు, అందుకు ఒక గంట అదనంగా ఉంచుకోండి.